అన్నాంబిక పెండ్లి, మా వాడ ప్రేమ

అడవి బాపిరాజు రాసిన 'గోన గన్నారెడ్డి' చదవాల్సిన నవల అని నాకు చెప్పినవాళ్లంతా చదువుకున్న పెద్దలే. బి.ఎ.లో తెలుగు చెప్పిన సారు చెప్పాడు. బి.ఎడ్.లో సాంఘికశాస్త్రం చెప్పిన మేడం చెప్పింది. గ్రంథాలయంలో పుస్తకం తీసి చేతికిచ్చిన ముసలాయన కూడా అదే మాట అన్నాడు. చరిత్ర తెలుస్తది, భాష వస్తది, ప్రేమకథ కూడా ఉంది అన్నారు. మూడుసార్లు చదివాను. మూడోసారి చదివింది ఈ వ్యాసం కోసమే. నవల నన్ను నిరాశపరిచింది. ఎందుకు నిరాశపరిచిందో చెప్పాలంటే సాహిత్యం మాటలు చాలవు. మా ఇంటి సంగతి, మా మూడు ఊర్ల సంగతి కూడా చెప్పాలె. నేను సూర్యాపేటలో పుట్టి, కోదాడలో చదివి, మిర్యాలగూడ దగ్గర సర్కారు బడిలో పంతులమ్మగా పనిచేస్తున్న మాదిగదాన్ని. మా ఇంట్ల డిగ్రీ చదివిన మొదటి మనిషిని. చాలామంది విమర్శకులు తమ ఊరు చెప్పకుండా, కులం చెప్పకుండా విమర్శ రాస్తారు. ఆ వీలు వాళ్లకుంది.

ముందు కథ. గణపతిదేవ చక్రవర్తి ముసలివాడైన కాలం. బిడ్డ రుద్రమదేవి రాజ్యానికొస్తోంది. ఆడమనిషి సింహాసనం ఎక్కుడేందని సామంతులు లోపల్లోపల మండుతుంటారు. వర్ధమానపురం గోన బుద్ధారెడ్డిది. ఆయన తరువాత తమ్ముడు లకుమయారెడ్డి ఆ గడ్డను తన గుప్పిట్లో పెట్టుకుంటాడు. బుద్ధారెడ్డి కొడుకు గన్నారెడ్డి గజదొంగగా పేరుపడతాడు. లకుమయారెడ్డి కొడుకు వరదారెడ్డికి ఆదవోని కోటారెడ్డి బిడ్డ అన్నాంబికతో పెండ్లి కుదురుతది. సరిగ్గా ఆ పెండ్లినాడే గన్నారెడ్డి వచ్చి పెండ్లికొడుకును ఎత్తుకపోతాడు. ఆ ఇంటికి అంతకు మించిన పగవాడు ఇంకెవడుంటడు? తరువాత అన్నాంబిక ఇల్లు విడిచి ఓరుగల్లు చేరి రుద్రమదేవి అండన నిలుస్తది. చివరికి తన పెండ్లి చెడగొట్టిన ఆ గజదొంగకే ఇల్లాలవుతది. పగతో మొదలై పెండ్లితో ముగిసే కథ.

ఇట్లాంటి కథంటే ఇష్టం లేనిదెవరికి? కోదాడ హాస్టల్లో యద్దనపూడి 'సెక్రటరీ' అట్ట ఊడిపోయి, నడిమి పేజీలు పోయి, అయినా చేతులు మారుతూ తిరిగేది. ఆస్తి ఉన్న రాజశేఖరం, పౌరుషం ఉన్న జయంతి. ఇద్దరూ మాటకు మాట అనుకుంటుంటే మాకు సంబురం. రాత్రి గదిలో లైట్లు తీసేస్తే వరండా బల్బు కింద నిలబడి చదివేవాళ్లం. పొద్దంతా దొడ్డుబియ్యం అన్నంలో పురుగులు ఏరుకున్న పిల్లలం రాత్రి ఆ మేడల్లో, ఆ కార్లలో తిరిగేది. ఉద్యమంలో ఉన్న మన అన్నలు కొందరు ఈ పుస్తకాలంటే నవ్వుతారు. పనీపాటా లేని ఆడోళ్ల పుస్తకాలు అంటారు. నేను ఒప్పుకోను. కులం పోవాలంటే అసలైన మందు కులాంతర వివాహమే అని అంబేద్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో చెప్పాడు. ఎవరు ఎవరిని ప్రేమించవచ్చు, ఎవరిని పెండ్లాడవచ్చు అన్న లెక్క మీదనే కులం నిలబడి ఉన్నప్పుడు ప్రేమకథ చిన్న విషయం ఎట్లయితది? భూమి ఎంత పెద్ద విషయమో పెండ్లి అంతే పెద్ద విషయం. అందుకే ప్రేమ నవలను గట్టిగా నిలదీయాలె. నవ్వి పక్కకు పెట్టేది కాదు.

'గోన గన్నారెడ్డి'లో మనకు పనికొచ్చే సరుకు లేదని కాదు. ఉంది. అదే నా బాధ. రాజ్యమేలే ఆడమనిషి ఉంది. బాపిరాజు కాలానికి అది చిన్న సాహసం కాదు. ఇష్టం లేని పెండ్లిని కాదని గడప దాటిన అన్నాంబిక ఉంది. సామంతుల కోటల మీద పడి దోచే దళం ఉంది. ఈ మూడూ ఒక నవలలో ఉన్నయంటే మా వాడ పిల్ల ఎవరైనా ఆశపడతది. పైగా బాపిరాజు చిత్రకారుడు. నగ, చీర, కోట, గుర్రం, ఏదైనా బొమ్మ గీసినట్టు రాస్తాడు.

కానీ ఆ మూడింటినీ ఆయన విప్పిన చేత్తోనే మళ్లీ మడిచి పెడతాడు. గజదొంగ నిజానికి దొంగ కాదు. రుద్రమదేవికి ఎదురుతిరిగే సామంతుల పని పట్టడానికి దొంగవేషం వేసిన రాజభక్తుడు. అంటే తిరుగుబాటు అంతా సింహాసనానికి కాపలా. రుద్రమదేవి పాలన చివరికి చాళుక్య వీరభద్రునితో పెండ్లి దగ్గరికి చేరుతది. అన్నాంబిక పోరాటమూ పెండ్లి పీటల మీదికే చేరుతది. పెండ్లి చేసుకోవడం తప్పని నేననడం లేదు. పెండ్లికి ముందు ఆమె అడిగిన ప్రశ్న పెండ్లి తరువాత ఏమయిందని అడుగుతున్న. తండ్రి తెచ్చిన సంబంధాన్ని ఆడపిల్ల కాదనవచ్చా అన్నది ఆ ప్రశ్న. నవల దానికి జవాబు చెప్పదు. తండ్రి తెచ్చినవాని కంటె మంచి మొగుడు దొరికిండని చెప్పి తప్పించుకుంటది.

అసలు లోపం పగలో ఉంది. పగవాళ్లు ప్రేమికులయ్యే కథకు ప్రాణం ప్రేమ కాదు, పగ. ఆ పగ నిజమైనది కావాలె. ఇద్దరి నడుమ దాటలేని గోడ ఒకటి ఉండాలె. ఆ గోడను దాటడానికి ఇద్దరూ తమలో కొంత పోగొట్టుకోవాలె. ఈ నవలలో ఆ గోడ ఏది? అన్నాంబికకు వరదారెడ్డితో పెండ్లే ఇష్టం లేదు. కాబట్టి పెండ్లి చెడగొట్టినవాని మీద ఆమె గుండెల్లో పగ పుట్టే వీలే లేదు. ఇక మిగిలింది వంశాల పగ. ఆ వంశాలు ఏవి? ఇటు గోనవారు, అటు ఆదవోని వారు. ఇద్దరూ సామంతులు. ఇద్దరూ రెడ్లు. తండ్రి తెచ్చిన పెండ్లికొడుకు వరదారెడ్డి గోన వంశం వాడే. తానుగా వరించిన గన్నారెడ్డి కూడా గోన వంశం వాడే. పీటల మీది నుంచి పిన్నతండ్రి కొడుకు లేచిండు, పెదతండ్రి కొడుకు కూర్చున్నడు. గోత్రం మారలేదు, ఇంటిపేరు కూడా మారలేదు! ఇంత గుర్రాల పరుగు, ఇంత కత్తియుద్ధం, ఇన్ని వందల పేజీలు తిరిగి తిరిగి అదే ఇంటికొచ్చినయి.

మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ కథ చెప్పాను. 2015లో వచ్చిన 'రుద్రమదేవి' సినిమా టీవీలో చూసి ఉన్నారు కాబట్టి గన్నారెడ్డి అనగానే మీసాలు తిప్పడం మొదలుపెట్టారు. కథ అయిపోయినంక వెనక బెంచీలో కూర్చున్న ఒక ఆడపిల్ల లేచింది. "టీచర్, అన్నాంబిక మాదిగ పిల్ల అయితే గన్నారెడ్డి చేసుకునెటోడా?" అన్నది. తరగతి గొల్లుమంది. ఒకడు "గప్పుడు పెండ్లెందుకైతది, ఎత్తుకపోవుడే" అన్నాడు. ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. తొమ్మిదో తరగతి పిల్లలు రెండు నిమిషాల్లో చేసిన ఈ విమర్శ నేను చదివిన విమర్శ పుస్తకాల్లో ఎక్కడా కనబడలేదు. కథానాయిక దొరబిడ్డ కాబట్టి ఎత్తుకపోవడం వీరగాథ అయింది. అదే దొర మా వాడ దిక్కు వచ్చి ఉంటే దాన్ని ఏమంటారో నల్లగొండ జిల్లాలో ముసలోళ్లను అడగండి. గడీల కథలు వాళ్లు ఇప్పటికీ గొంతు తగ్గించే చెప్తారు.

ఈ నవల పుట్టిన కాలాన్ని కూడా చూడాలె. పశ్చిమ గోదావరి మనిషి బాపిరాజు 1940ల నడుమ హైదరాబాదులో 'మీజాన్' తెలుగు దినపత్రికకు సంపాదకుడు. 'గోన గన్నారెడ్డి' ఆ కాలపు నవల. అంటే తెలంగాణ వార్తలు రోజూ ఆయన బల్ల మీదికి వచ్చేవి. ఆ వార్తలు ఏమిటి? విసునూరు దేశ్‌ముఖ్ కింద 60 గ్రామాల్లో 40 వేల ఎకరాలు. సూర్యాపేట తాలూకా జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కింద లక్షన్నర ఎకరాలు. ఈ లెక్కలు పుచ్చలపల్లి సుందరయ్య తన పుస్తకంలో రాశారు. మాదిగ, మాల ఇండ్ల నుంచి ఇంటికొక మనిషి దొర ఇంటికి వెట్టికి పోవాలె. చెప్పులు కుట్టియ్యాలె, తోలు సామాను ఊరికే ఇయ్యాలె, ఉత్తరం మోసుకొని పక్క ఊరికి ఉరకాలె. 1946 జూలై 4న కడవెండిలో దొర గూండాల తుపాకికి దొడ్డి కొమరయ్య బలయిండు. కడవెండి అప్పుడు మా నల్లగొండ జిల్లాలోదే. తరువాత ఇదే సూర్యాపేట, హుజూర్‌నగర్ అడవుల్లో నిజమైన దళాలు తిరిగినయి. గడీల మీద పడ్డయి. వాళ్లది వేషం కాదు. రాజును నిలబెట్టడానికి కాదు, దించడానికి.

ఊర్లల్లో జనం రెడ్డి దొరలకు ఎదురు లేస్తున్న ఆ కాలంలోనే నవలలో ఒక రెడ్డి దొరబిడ్డ బీదలను కాచే మంచి దొంగగా గుర్రమెక్కి వచ్చిండు. బాపిరాజు కావాలని కుట్రతో రాసిండని నేననను. ఆయన ఆంధ్రుల పాత వైభవం వెతుక్కుంటూ ఓరుగల్లు చేరాడు. ఆ వైభవంలో దొర మంచివాడైతే చాలు, దొరతనం ఉండొచ్చు. చెడ్డ సామంతుని తీసి మంచి సామంతుని పెడితే రాజ్యం బాగుపడ్డట్టే. వెట్టి చేసినోళ్ల మనవరాలిని నేను. నాకు ఆ లెక్క సరిపోదు. మంచి దొర ఇంట్లోనైనా మా నాయనమ్మ చెప్పులు చేతపట్టుకొనే నడిచింది.

కాకతీయులు శూద్రులే గదా, బహుజన రాజ్యమే గదా అని మన మిత్రులు కొందరు అంటారు. కాకతీయులను చతుర్థ కులం వాళ్లని చెప్పే శాసనాలున్న మాట నిజమే. ఆ మాట మీద రుద్రమను మన రాణి అనుకోవడంలో నాకూ కొంత సంతోషం ఉంది. కానీ సింహాసనం మీద శూద్రుడు కూర్చున్నంత మాత్రాన ఊరవతల వాడ ఊర్లోకి రాలేదు. బహుజన చరిత్ర అంటే రాజు కులం పేరు మార్చి చదవడం ఒక్కటే అయితే మనం కూడా బాపిరాజు దారినే పోతున్నట్టు.

చరిత్ర నవల కాబట్టి రాజుల కథే ఉంటది, కూలోళ్ల సంగతి ఆ కాలపు ఆధారాల్లో ఏడ దొరుకుతది అని ఇంకొందరంటారు. దొరుకుతది. నవల చూడని మనుషులను ఆ కాలపు రాళ్లు చూసినయి.

మొదటి రాయి రాయచూరు కోటలో ఉంది. గోన గన్నయరెడ్డి నిజంగా ఉన్న మనిషి, ప్రతాపరుద్రుని కాలపు సామంతుడు. అతని కింద పనిచేసిన విఠలనాథుడు 1294లో రాయచూరు కోట కట్టించాడు. నవలలో గన్నారెడ్డికి కుడిభుజంగా తిరిగే విఠలుడు ఇతడే. ఆ కోట గోడలో 40 అడుగులు దాటిన ఒకే బండ ఉంది. దాని మీద తెలుగు శాసనం ఉంది. అక్కడే ఆ బండను గుట్ట నుంచి బండి మీద తెచ్చిన బొమ్మ కూడా చెక్కి ఉంది. లాగుతున్న పశువుల బారు, అదిలిస్తూ తోస్తున్న మనుషులు. వాళ్ల పేర్లు లేవు. అయినా రాయి చెక్కినవాడు వాళ్లను మరువలేదు. ఏడు వందల ఏండ్ల కిందటి ఉలి చూపిన ఆ మర్యాద ఇరవయ్యో శతాబ్దపు కలం చూపలేకపోయింది. గన్నారెడ్డి దళం గుర్రాల మీదనే తిరుగుతది. గుర్రానికి జీను కావాలె, కళ్లెం కావాలె. కత్తికి ఒర కావాలె. డాలుకు తోలు కావాలె. యుద్ధానికి డప్పు కావాలె. మా తాతకు తంగెడు చెక్క ఏ పాళ్లలో వేస్తే లందలో తోలు మెత్తబడుతదో తెలుసు. ఆరె, రంపె పట్టుకుంటే ఆయన చేయి తప్పేది కాదు. అట్లాంటి చేతులు లేకుండా ఏ సైన్యమూ ఒక్క అడుగు కదలదు. నవల మొత్తంలో ఆ చేతి కోసం వెతికాను. ముఖ్యమైన పాత్రలన్నీ రాజులు, సామంతులు, మంత్రులు, వాళ్ల ఆడవాళ్లు. జీను కుట్టినవాడు నాకు కనబడలేదు.

రెండో రాయి మా దగ్గరిదే. నకిరేకల్ దగ్గర చందుపట్లలో ఉంది. 1289 నవంబర్ 27 నాటి శాసనం అది. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరినారని, వాళ్ల పుణ్యం కోసం సోమనాథ దేవునికి భూమి ఇచ్చినట్టు చెప్తది. ఇచ్చినవాడు కొలువులో ఉన్న పువ్వుల ముమ్మడి. రుద్రమ ఎప్పుడు చనిపోయిందో చరిత్రకారులకు చెప్పింది ఈ శాసనమే. తన సామంతుడే అయిన కాయస్థ అంబదేవునితో పోరులో ఆమె నేలకొరిగిందని వాళ్లు తేల్చారు. చూడండి, ఓరుగల్లును 1262 నుంచి ఏలిన రాణి చావును లోకానికి చెప్పినవాడు సామంతుడు కాదు, మంత్రి కాదు, ఒక చిన్న కొలువు మనిషి. ఆమెకు నిజమైన పగవాడు సొంత సామంతుల్లోంచే లేచాడు. ఆ పగ పెండ్లితో తీరలేదు, చావుతో తీరింది. చరిత్రలో ఉన్న పగ ఇంత గట్టిది. నవలకు మాత్రం మెత్తని పగ కావలసి వచ్చింది.

సూర్యాపేట పక్కన పిల్లలమర్రి గుడులు మీకు తెలిసే ఉంటయి. రేచర్ల రెడ్లు కట్టించినవి. ఎరకేశ్వరాలయాన్ని 1208లో బేతిరెడ్డి తన భార్య ఎరకసాని పేర కట్టించాడు. చిన్నప్పుడు మమ్మల్ని అక్కడికి తీసుకపోయిన ఒక టీచరు, భార్య మీద ఎంత ప్రేమో చూడండి అని మురిసిపోయింది. గుడి బయట మా చెప్పుల దగ్గర కాపలాకు మా వాడ పిల్లలనే నిలబెట్టింది. ఆ ప్రేమ గుర్తును మేము గడప అవతలి నుంచి చూసినం. దొరల ప్రేమలకు గుడులున్నయి, నవలలున్నయి, సినిమాలున్నయి. మా వాడల్లో ప్రేమకు ఏమున్నయో ఇప్పుడు చెప్తాను.

మిర్యాలగూడ రైసుమిల్లుల ఊరు. సాగర్ ఎడమ కాలువ నీళ్లతో పండిన వడ్లన్నీ అక్కడికే వస్తయి. 2018 సెప్టెంబర్ 14న ఆ ఊర్లో, పట్టపగలు, కడుపుతో ఉన్న భార్యను దవాఖానలో చూపించుకొని బయటికి వస్తున్న ప్రణయ్‌ను వెనక నుంచి వచ్చి నరికి చంపారు. ప్రణయ్ దళితుడు. అమ్మాయిది పై కులం. డబ్బులిచ్చి చంపించింది అమ్మాయి తండ్రేనని పోలీసులు కేసు పెట్టారు. ఆ తండ్రి 2020 మార్చిలో తానే చనిపోయాడు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు నరికినవానికి ఉరిశిక్ష, మిగతా ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఆ తీర్పుకు కొద్ది వారాల ముందే, 2025 జనవరిలో, సూర్యాపేట దగ్గర మూసీ కాలువ కట్ట మీద ఇంకొక దళిత యువకుని శవం దొరికింది. అతడూ వేరే కులం అమ్మాయిని పెండ్లి చేసుకున్నవాడే. అమ్మాయి ఇంటివాళ్లను పోలీసులు అరెస్టు చేశారు. ఈసారి అమ్మాయిది వెనుకబడిన కులం. పరువు జబ్బు పెద్ద కులాలకే ఉందనుకునే వాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలె.

నవలలో పగ ముందు, ప్రేమ తరువాత. మా తావున ప్రేమ ముందు, పగ తరువాత. ఇద్దరు ఇష్టపడేదాకా అందరూ బాగానే ఉంటారు. ఒకరి దుకాణంలో ఒకరు సామాను కొంటారు, ఒకే బడిలో చదువుతారు, పండుగకు స్వీట్లు పంచుకుంటారు. పెండ్లి మాట రాంగనే కత్తి వస్తది. ప్రేమ పగను తీర్చే కథలు రాసేవాళ్లకు ప్రేమే పగను బయటికి లాగే ఈ సంగతి ఎప్పుడూ తగలలేదు. తగలదు. పెండ్లికొడుకు కులం కలిసిందా లేదా అన్న చింత వాళ్ల కథల్లో మొదటి పేజీకి ముందే తీరిపోయి ఉంటది.

మా తమ్ముని సంగతి చెప్తా. వాడు కోదాడలో సెల్‌ఫోన్ దుకాణంలో పనిచేసేది. పక్క బట్టల దుకాణంలో పనిచేసే అమ్మాయి ఒకతి బాగుచేసిన ఫోను మళ్లీ చెడిపోయిందని వచ్చి పోట్లాడింది. రెండోసారి వచ్చి తిట్టింది. మూడోసారి వీడు తిట్టిండు. అట్ల తిట్టుకుంటనే ఇద్దరూ దగ్గరయిండ్రు. నవలల్లో ఎట్లుంటదో అట్లనే. ఆ పిల్లది మాకన్న పై కులం. ఇంట్ల నాకు ఒక్కదానికే చెప్పిండు, అది గూడ నవ్వుకుంట చెప్పిండు. అదే ఏడు సెప్టెంబరులో మిర్యాలగూడ వార్త వచ్చింది. టీవీలో ఆ సీసీ కెమెరా బొమ్మ పొద్దస్తమానం తిప్పి తిప్పి చూపించిండ్రు. మా అవ్వకు ఎవరు చెప్పిండ్రో గానీ సంగతి తెలిసింది. ఆమె అక్షరం ముక్క రాని మనిషి. తెల్లారి మొదటి బస్సెక్కి కోదాడ పోయింది. ఆ పిల్ల ఎవరని అడగలేదు, కులం అడగలేదు, తిట్టలేదు. దుకాణం ముందల నిలబడి, "నువ్వు బతుకు బిడ్డా, నాకు గంతే చాలు" అన్నది. వాడు ఆ సాయంత్రమే బట్టలు సర్దుకొని అవ్వ వెంట ఇంటికొచ్చిండు. ఇప్పుడు హైదరాబాదులో ఉంటున్నడు. ఆ పిల్లకు పెండ్లయిందట. వీడు ఇంక చేసుకోలేదు.

వీళ్ల కథకు ముగింపు నాకు తెలియదు కాబట్టి దాన్ని ఏ నవలలోనైనా చూద్దామని వెతికాను. పగ, ప్రేమ, గజదొంగ, గడప దాటిన ఆడపిల్ల అన్నీ ఉన్న ఈ నవలలో దానికి దగ్గరి మాట ఒక్కటైనా దొరుకుతదని ఆశపడ్డాను. అన్నాంబిక ఇల్లు విడిచి పోతే రక్షించడానికి ఒక చక్రవర్తిని ఉంది. కోట ఉంది, సైన్యం ఉంది. ఆ కోదాడ పిల్ల ఇల్లు విడిచి వస్తే ఎక్కడికి పోవాలె? పోలీసుస్టేషనుకా? అక్కడ ముందు తల్లిదండ్రులను పిలిపిస్తారు. మిర్యాలగూడలో నేను ఉద్యోగం వచ్చినంక ఇల్లు కిరాయికి వెతికితే, సర్కారు టీచరునని తెలిసి సంతోషపడ్డ ఇంటాయన ఇంటిపేరు అడిగి, ఆ తరువాత ఇల్లు వేరేవాళ్లకు మాటిచ్చినమన్నాడు. నెలనెలా కిరాయి కట్టే పంతులమ్మకే గది దొరకని ఊర్లో, పారిపోయి వచ్చిన జంటకు గది ఎవరిస్తరు? ప్రేమకథ అంటే చూపులు, మాటలు ఒక్కటే కాదు. ఒక గది, ఒక కిరాయి, ఒక రేషన్ కార్డు, రాత్రిపూట తలుపు కొడితే తీయాలా వద్దా అన్న భయం. ఇవి రాయని ప్రేమ నవల మాకు సగం నవలే.

భాష గురించి కూడా ఒక మాట. బాపిరాజు గన్నారెడ్డి గ్రంథాల తెలుగు మాట్లాడతాడు. 2015 సినిమా వచ్చేసరికి అదే గన్నారెడ్డి నోట తెలంగాణ యాస పెట్టారు. జనం ఈలలేశారు. అంతకుముందు సినిమాల్లో మన యాస రౌడీకో పనిమనిషికో ఇచ్చేవాళ్లు కాబట్టి నేనూ సంతోషపడ్డాను. కానీ యాస కూడా దొరబిడ్డ నోట్లో పడ్డంకనే విలువ వచ్చింది. మా అవ్వ నోట్లో అదే మాట ఉంటే బ్యాంకుల క్లర్కు "సరిగ్గా మాట్లాడు" అంటడు.

మన దిక్కునుంచి వచ్చిన పుస్తకాలు లేవా? ఉన్నయి. నల్లగొండ మట్టిలోంచి బోయ జంగయ్య 'జాతర' రాశాడు. వేముల ఎల్లయ్య 2000లో 'కక్క' రాశాడు. అది మా మాదిగ వాడ మాట, మా తిట్టు, మా పాట, మా బువ్వ. చదువుతుంటే మా తాత పక్కన కూర్చుని చెప్తున్నట్టే ఉంటది. 1922లో ఉన్నవ 'మాలపల్లి' రాస్తే ప్రభుత్వం నిషేధించింది. వాడ మనుషులు నవలలో నడిస్తే సర్కారుకు అంత భయమయింది. గన్నారెడ్డి ఎన్ని కోటలు దోచినా ఆ నవలకు ఏ నిషేధమూ రాలేదు. ఎవరి దోపిడి ఎవరికి ప్రమాదమో సర్కారుకు బాగా తెలుసు.

కానీ మన పుస్తకాల్లో కూడా ఒక వెలితి ఉంది. ఆకలి రాసినం, అవమానం రాసినం, వెట్టి రాసినం, కారంచేడు రాసినం, చుండూరు రాసినం. ప్రేమ తక్కువ రాసినం. రాస్తే ఏడుపు కథ అవుతదని భయమో, ఉద్యమానికి పనికిరాదని చిన్నచూపో. మన పిల్లలు ప్రేమ కోసం దొరల నవలలే చదువుతున్నరు, దొరల సినిమాలే చూస్తున్నరు. ప్రేమించేటప్పుడు ఎట్ల మాట్లాడాలె, ఎట్ల అలగాలె, ఎట్ల కలవాలె అన్నది వాళ్ల దగ్గరే నేర్చుకుంటున్నరు. ఆ తరువాత వచ్చే కత్తి గురించి వాళ్లకు చెప్పేవాళ్లు లేరు. కత్తి వచ్చినా ఎట్ల నిలబడాలె, ఎవరు అండగా ఉంటరు అని చెప్పే కథ అసలే లేదు. ఆ కథ మనమే రాయాలె. చచ్చిపోయినోళ్ల కథ ఒక్కటే కాదు. వేరే కులం వాళ్లను చేసుకొని ఇదే సూర్యాపేటలో, ఇదే కోదాడలో ఎవరికీ చెప్పకుండా బతుకుతున్న జంటలున్నయి. పిల్లల్ని కని, బడికి పంపుతున్నరు. నా బడిలోనే అట్లాంటి పిల్లలున్నరు. వాళ్ల అమ్మానాయనల కథలో పగ ఉంది, ప్రేమ ఉంది, భయం ఉంది, గెలుపు ఉంది. గన్నారెడ్డి కథలో లేని గోడ ఆ కథలో ఉంది.

మా బడి గ్రంథాలయం అంటే ఒక ఇనుప బీరువా. 'గోన గన్నారెడ్డి'ని అందులోంచి తీసెయ్యలేదు. పిల్లలు చదవాలె, చదివి వెనక బెంచీ పిల్లలాగ అడగాలె. దాని పక్కన నా డబ్బుతో కొన్న 'కక్క' పెట్టాను. ఈ ఏడు దసరా సెలవులు అయినంక పదో తరగతి పిల్లల్ని చందుపట్ల తీసుకపోయి పువ్వుల ముమ్మడి రాయి చూపించాలనుకుంటున్నాను. బస్సు కిరాయికి చందాలు అడుగుతున్న. ఈ పుస్తకం చదివే మిత్రులు ఎవరైనా వెంట వస్తామంటే రండి.